తొక్కరాని ముగ్గు

ఖానాపురం హవేలి, ఖమ్మం
నవంబరు నెల

రోజావదినకు సునంద దండాలు.

ఫోను ఉండంగ ఉత్తరమేంది అని నువ్వు గొణుగుతవని తెలుసు. ఫోన్‌ల నేను "వదినా" అనంగనే నువ్వు అందుకుంటవు. నేను "అవ్, అవ్" అనుకుంట వింట. పెట్టేసినంక చూస్తే నేను చెప్పాల్సింది ఒక్కటీ చెప్పి ఉండను. కాగితం మీదైతే నువ్వు అడ్డం రాలేవు. అందుకే రాస్తున్న, కోపానికి రాకు.

మీ అమ్మకు పిండికట్టు తీసిన్రు. దవాఖానల డాక్టరు చెయ్యి అటు తిప్పి ఇటు తిప్పి, బొక్క సక్కగ అతికిందన్నడు. ఇంటికి రాంగనే అత్తమ్మ అదే చేత్తోని నా వంకాయ కూర గిన్నె పక్కకు జరిపి ఉప్పెక్కువైందన్నది. కాబట్టి చెయ్యి గురించి రందివెట్టుకోకు. భయమే పోతలేదు. షేర్ ఆటో అద్దం భుజానికి తగిలి పడ్డనాటి నుంచి గేటు దాటుతలేదు. సాయంత్రం కాంగనే తల దువ్వుకుంటది, మంచి చీర కట్టుకుంటది, చెప్పులేసుకొని గేటు దాక పోతది. గేటు ఊచ పట్టుకొని ఎదురుంగ కూసున్న కన్నమ్మను చూస్తది. ఆమె చెయ్యి ఊపితే ఈమె ఊపుతది. తర్వాత లోపలికొచ్చి చెప్పులిడుస్తది.

కన్నమ్మంటే నీకు ఎరుకలేదేమో. చర్ల దిక్కు అడివి ఊరామె. ఇక్కడ కూతురింట్ల ఉండుకుంట మన ఎదురుంగ విస్తరాకులు, కొండచీపుర్లు అమ్ముతది. వాళ్ల ఊరోళ్లు బస్సుల కట్టలు పంపుతరు. పడకముందు రోజూ సాయంత్రం అత్తమ్మ పోయి ఆమె పక్కన కూసొని ఆకులు కుట్టుడే. ఏం మాట్లాడుకుంటరో తెల్వదు, పోయిన మామయ్యను కూడ అప్పుడప్పుడు తిట్టుకుంటరు అనుకుంట, నవ్వులు మా వంటింట్లకు వినబడేవి.

శ్రీరామనవమి పోంగనే వచ్చి అమ్మను మణుగూరు తీస్కపోత అన్నవు. నాకు పంపబుద్ధైతలేదు వదినా. కోడలు గిట్ల రాస్తే నువ్వు నవ్వుతవు. నవ్వు. ఆమె లేకపోతే ఇంట్ల నన్ను తిట్టెటోళ్లుండరు, నేను చెడిపోత.

ఒక ముచ్చట చెప్తా విను. మున్సిపాలిటోళ్లు మన నీళ్లట్యాంకు రోడ్డును నడిచెటోళ్ల కోసం మార్చాలనుకుంటున్నరట. శ్రావణి అని ఇంజినీరు మేడం వచ్చింది. చిన్న పిల్ల, ఎండకు మొఖం కమిలిపోయింది. ఇంటింటికీ తిరిగి "మీ రోడ్డు ఎట్లుండాల్నో మీరే గీసి చూపెట్టాలె" అంటది. పోయిన ఆదివారం పేద్ద మ్యాపు రోడ్డు మీదనే పరిచి, దాని మీద నిలవడి ఎవరిల్లు వాళ్లు వెతుక్కోండి అన్నది. మ్యాపు మీద ఆంజనేయస్వామి గుడి ఉండె. అందరం చెప్పులిడిచి ఎక్కినం. మేడం ఒక్కతే బూట్లతోని నిలవడి, మమ్ముల చూసి తను కూడ విప్పింది.

అత్తమ్మ గేటు లోపల కుర్చీలేసుకొని అంత చూసింది. నన్ను పిలిచి, "గామెను అడుగు, నేను కన్నమ్మ దగ్గరికి పోను ఏడ దాటాలె" అన్నది. పోయి అడిగిన. మేడం తనే గేటు దాక వచ్చి అత్తమ్మ ముందర గొంతుకూసొని, "మీరే చెప్పాలె అమ్మా, మీకు ఏడ దాటబుద్ధైతది" అన్నది. మీ అమ్మను గట్ల ఎవరూ ఎన్నడూ అడిగి ఉండరు. ఆమె మొఖం నువ్వు చూడాల్సి ఉండె.

చందరన్నకు దండాలు చెప్పు.

నీ మరదలు
సునంద

---

మణుగూరు
డిసెంబరు

సునందకు దీవెనలు.

ఉత్తరం అందింది. ఫోన్‌ల నేనే మాట్లాడుతనా? సరే, మాట్లాడుత. పెద్దదాన్ని, మాట్లాడుత.

మా అమ్మ మీద నీకున్న ప్రేమ మంచిదే. గని ప్రేమతోని ఆటోలు ఆగవు. ఆమె పడ్డదన్న కబురు ఒకసారి విన్న. ఇంకోసారి గా కబురు వినే శక్తి నాకు లేదు, ముందే చెప్తున్న. ఇక్కడ కాలనీ రోడ్లు చూసినవు గదా. వెడల్పుగ, రెండు దిక్కుల చెట్లు, నడిచెటోళ్లకు వేరే దారి. బొగ్గుగని షిఫ్టు బస్సు పోతే మళ్ల ఇంకో బండి రాదు. అమ్మ ఇక్కడ కండ్లు మూసుకొని నడువొచ్చు.

మీటింగులు, మ్యాపులు నాకు నమ్మకం లేదు. మంది కూసొని మాట్లాడితే చాయ్ ఖర్చే. అయినా నీ మాట కాదనలేక ఒక మాట అంటున్న. నవమి నాటికి మా అమ్మ తనంతట తాను, ఎవరి చెయ్యి పట్టుకోకుంట, రోడ్డు దాటి గా కన్నమ్మ దగ్గరికి పోతే, నువ్వే ఉంచుకో. నేను నోరెత్తను. లేకపోతే నా వెంట తీస్కొస్త, నువ్వు ఏడ్వొద్దు.

తమ్ముడు ఏమంటున్నడు ఈ రోడ్డు సంగతి? వాని గురించి ఒక్క మాట రాయలే.

రోజారాణి

---

ఖానాపురం హవేలి
డిసెంబరు ఆఖరు

వదినకు దండాలు.

నీ షరతు అత్తమ్మకు చదివి వినిపించిన. "దాని బొంద, నేనేమన్న మొక్కనా, పీకి తీస్కపోయి దాని క్వార్టరు ముందర నాటనీకి" అన్నది. ఇవి ఆమె మాటలే, నేను ఒక్కటీ కలపలే.

మీ తమ్ముడు బాగున్నడు. ఆఫీసుల పని ఎక్కువుంది, మీటింగులకు రావుడు కుదురుతలేదు.

శ్రావణి మేడం గట్టిదే వదినా. మాటలతోని అయ్యేది కాదని మగోళ్లందరికీ ఒక పరీక్ష పెట్టింది. నీళ్లట్యాంకు నుంచి హీరాలాల్ మిఠాయి దుకాణం దాక, చేతిల నిండు నీళ్ల బకెట్ పట్టుకొని, రోడ్డు మీదికి దిగకుంట, అంచు మీదనే నడిచి రావాలె. అంతే. నవ్వుకుంట బయలుదేరిన్రు. ఒకరి గేటు ముందర సిమెంటు ర్యాంపు, ఒకరి ముందర కారు, హీరాలాల్ దుకాణం ముందర బెంచీలు, నడుమ మోరీ మీద బండ లేదు. ఒక్కరు కూడ దిగకుంట రాలేదు. అందరి ప్యాంట్లు తడిసినయి. హీరాలాల్ తన బెంచీకే తట్టుకొని తన దుకాణం ముందరనే బకెట్ ఒలకబోసుకున్నడు. అత్తమ్మ కుర్చీలకెల్లి ఎంత నవ్విందో, పడ్డనాటి నుంచి ఆ నవ్వు నేను వినలే.

షేర్ ఆటో మంగయ్య కూడ వచ్చిండు. అత్తమ్మకు తగిలింది అతని ఆటోనే. మంది నడుమ నిలవడి, "అమ్మా, నిలపనీకి నాకు జాగ లేదు, నడిరోడ్డు మీద ఎక్కిచ్చుకుంట, దించుత. వెనకోడు హారన్ కొడుతడు, ఆగం ఆగం పోత. నాకు ఒక జాగ చూపెట్టుర్రి, ఆడనే ఆపుత" అన్నడు. తిట్టుదామని లేచినోళ్లు కూసున్నరు. ట్యాంకు గోడ పక్కన జాగ చూపెట్టినం.

చిక్కు ఒక్కటే, ర్యాంపులు. గేట్ల ముందర అందరివి రోడ్డు మీదికి వచ్చి ఉన్నయి. అవి పోతెనే అంచు మీద నడిచే దారి వస్తది. అందరికీ దారి కావాలె, ఎవరికీ ర్యాంపు పోవద్దు. ఒకాయన, పేరు చెప్పను, "నా ఇంటి ముందర నా ర్యాంపు, తీసేది లేదు" అని మొఖం మీదనే అని లోపలికి పోయి తలుపేసుకున్నడు.

చూద్దాం. నవమి ఇంకా దూరం ఉంది.

సునంద

---

మణుగూరు
జనవరి

సునందా,

ఆ పేరు చెప్పని ఒకాయన మా తమ్ముడే గదా.

నిన్న వాడే ఫోన్ చేసిండు. "అక్కా, నవమి దాక ఎందుకు, జల్దీ వచ్చి అమ్మను తీస్కపో. ఆమె ఉన్నన్ని దినాలు సునందకు ఈ రోడ్డు పిచ్చి వదలదు, నా ర్యాంపు మీద పడ్డరు అందరు" అన్నడు. మీటింగులకు ఆఫీసు పని అడ్డమొస్తుందని నాకు రాసినవు. ఎంత సక్కగ దాచినవే. మొగన్ని కాపాడుకునుడు మంచిదే, గని నాతోని దాచుడేంది? వాన్ని ఎత్తుకొని తిప్పినదాన్ని నేను. వాడు ఎంత మొండోడో నీకంటె ముందు నాకు తెలుసు.

వానికి గట్టిగనే చెప్పిన. అమ్మను నేను తీస్కపోవాల్నంటె ఆమె బాగు కోసం తీస్కపోత గని, నీ ర్యాంపు కోసం కాదు అన్న. ఫోన్ పెట్టేసిండు.

మీ చందరన్నకు నీ ఉత్తరాలు చదివి వినిపించిన. ఆయన రోడ్డు మాటంటె ఊరుకోడు. ఓపెన్‌కాస్టు గనిల డంపర్ నడిపే మనిషి గదా. ఆయన అన్నది రాస్తున్న. గనిల డంపర్లు పోయే దారి వేరే, మనుషులు నడిచే దారి వేరే, నడుమ మట్టి కట్ట పోస్తరట. అయినా మనిషి అడ్డమొస్తే డంపరే ఆగాలె. హారన్ కొట్టి మనిషిని జరిపేది లేదు. "మనిషి దాటిందాక స్టీరింగ్ మీదికెల్లి చేతులు తీసి కనబడేటట్టు పెట్టుకుంట, అప్పుడు వానికి ధైర్యమొస్తది" అన్నడు. ఈయన ఇన్నేండ్ల కాపురంల ఇంట్ల ఇంత నెమ్మదిగ ఏదీ చెప్పలే. గా మంగయ్యకు ఈ మాట చెప్పు.

ఈసారి దాచినవంటె ఊరుకోను.

రోజారాణి

---

ఖానాపురం హవేలి
ఫిబ్రవరి

వదినా,

దాచిన. నీకు తెలిస్తే ఫోన్ చేసి తిడతవని, తిడితే ఆయన ఇంకింత బిగుసుకుంటడని దాచిన. ఇంక దాచను, అంత రాస్త. నిమ్మళంగ కూసొని చదువు.

ఆదివారం హీరాలాల్ దుకాణం ముందర మీటింగ్. మేడం అడిగింది, "మొదలు ఎవరి ర్యాంపు తీద్దాం?" ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. హీరాలాల్ తెలివిగ, "రామకృష్ణ సారు తీస్తే నేను బెంచీలు తీస్త" అన్నడు. మీ తమ్ముడు అప్పుడే పాలు పట్టుకొని వచ్చి పక్కన నిలవడ్డడు. గేటు లోపలికెల్లి అత్తమ్మ లేచి నిలవడి, "మాది తీయుర్రి. రేపే తీయుర్రి. నా కొడుకు ఏమనడు" అన్నది. అంత మందిల తల్లి మాట ఎట్ల కాదంటడు.

ఇంట్లకొచ్చి గిన్నెలెత్తేసిండు. "నన్ను అడగకుంట గట్లెట్ల అంటవమ్మా" అన్నడు. అత్తమ్మ బువ్వ తింటున్నది తినుకుంటనే చెప్పింది. "కొడకా, ఆనాడు నేను అంచు మీదనే పోయిన. మన ర్యాంపు అడ్డమొచ్చింది. ఎక్కితే జారుతనేమోనని రోడ్డు మీదికి దిగిన. దిగిన కాడనే ఆటో తాకింది." అంతే అన్నది. మళ్ల పచ్చడి వెయ్యమన్నది.

వదినా, ఇన్ని దినాలు ఆమె ఈ మాట ఎవరికీ చెప్పలే. నాకు చెప్పలే, డాక్టరుకు చెప్పలే, ఆటో మంగయ్యను తలా ఒక మాట అంటుంటె కూడ చెప్పలే. కొడుకు మనసు కష్టపడతదని మింగుకుంది. చెప్పాల్సిన నాడు, అరవకుంట, ఏడ్వకుంట, బువ్వ తినుకుంట చెప్పింది. మీ అమ్మను నేను పెండ్లైననాటి నుంచి చూస్తున్న. ఆ పూట చూసినంత ఎన్నడు చూడలేదనిపించింది. ఆమె కాళ్లు పట్టుకోబుద్ధైంది, పట్టుకుంటె తిడతదని ఊరుకున్న.

తెల్లారి ర్యాంపు పగలగొడుతుంటె ఆయన పక్క అర్రల కూసున్నడు. మన వెనుక హీరాలాల్, హీరాలాల్ వెనుక తక్కినోళ్లు. వారంల అంచులన్నీ బయటపడ్డయి.

ఇగ అసలు ముచ్చట. మేడం, "పెయింటు తర్వాత వేద్దాం. మొదలు ముగ్గుపిండితోని గీయుర్రి, కొన్ని దినాలు నడిచి చూద్దాం. నచ్చకపోతే తుడిచి మార్చుకోవచ్చు" అన్నది. ముగ్గు అంటె మాకు చెప్పాల్నా. తెల్లారకముందే ఆడోళ్లందరం చీపుర్లు, ఎర్రమట్టి జాజు, ముగ్గు గిన్నెలు పట్టుకొని రోడ్డెక్కినం. రెండు దిక్కుల నడిచే దారికి గీత గీసినం. మన గేటు నుంచి కన్నమ్మ దాక అడ్డంగ తెల్లపట్టీలు, అవి దాటే జాగ. అత్తమ్మ కుర్చీ గేటు బయట వేయించుకొని మేస్త్రి లెక్క చూపుకుంట కూసున్నది. పట్టీలు చూసి, "బోడిగున్నయి" అన్నది. సందుల్ల తామరలేసినం. "రంగు" అన్నది. రంగులు నింపినం. ఇంత మంచి పని పసుపుకుంకుమ లేకుంట ఎట్ల అని తనే లేచి, బండ్లు లేని వేళ గదా, నా భుజం పట్టుకొని వచ్చి, వంగి, ప్రతి పువ్వు నడుమ పసుపు పెట్టి కుంకుమ అద్దింది. అంత సక్కటి ముగ్గు ఈ వాడల ఏ పండుగకు పడలే వదినా. ఫోటోలు తీసిన్రు.

పొద్దెక్కినంక మంది వచ్చిన్రు. వచ్చి ముగ్గు ముందర ఆగిన్రు. ఒక్కరు తొక్కితే ఒట్టు. ఆఫీసోళ్లు చెప్పులు చేతిల పట్టుకొని చుట్టు తిరిగి నడిరోడ్డు మీదికెల్లి పోతున్నరు. హీరాలాల్ దండం పెట్టుకొని పక్కకు జరిగిండు. ఆకుల మోపుతోని వచ్చిన కన్నమ్మ కూడ తొక్కలే, ఆమె కూడ ట్యాంకు దాక పోయి తిరిగొచ్చింది. ఆటోలు మాత్రం చెప్పినట్టే రెండు దిక్కుల ఆగినయి. మంగయ్య చందరన్న చెప్పినట్టు చేతులు పైకి పెట్టుకొని కూసున్నడు. దాటెటోళ్లే లేరు. చివరికి తల బయటపెట్టి, "దాటుతరా, పూజ చేస్తరా, ఏదన్న ఒకటి చెప్పుర్రి" అన్నడు.

మేడం లెక్క చూసుకుంటె, రోడ్డు మీద నడిచెటోళ్లు మునుపటికంటె ఎక్కువైన్రు. ఆమె నవ్వాపుకోలేక గోడకు ఒరిగింది. నవ్వినంక మొఖం చిన్నబోయింది. ఎందుకంటె మర్నాడు ఆమె పై ఆఫీసరు చూడనీకి వస్తడు. గిట్లనే ఉంటె జనం వాడుతలేరని రాసి, అంత తీసేసి, మళ్ల బండ్లకే ఇస్తరు.

అత్తమ్మ ఆమెను దగ్గరికి పిలిచింది. "బిడ్డా, తప్పు నాది. తొక్కేకాడ కుంకుమ పెట్టిన. నేనే తొక్కను, ఊరోళ్లు ఎట్ల తొక్కుతరు. తుడిచేస్త" అన్నది. అన్నది గని ఎట్ల తుడుచుడు? కుంకుమను చీపురుతోని ఊడ్వం గదా. ఆడోళ్లమంత గిన్నెలు పట్టుకొని నిలవడ్డం. అప్పుడు మీ తమ్ముడు ఇంట్లకెల్లి వచ్చిండు. చెప్పులిడిచిండు. బకెట్ నీళ్లు తెచ్చి అంచు నుంచి నెమ్మదిగ పోసుకుంట, కుంకుమ నీళ్లు గుడి దిక్కు మందారం చెట్ల మొదట్లకు పోయేటట్టు చేత్తోని దారి చేసిండు. బకెట్ మీద బకెట్ తెచ్చిండు. ఆయనను గట్ల రోడ్డు మీద వంగంగ చూసి నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. అత్తమ్మ చూస్తనే ఉంది. "ఆడ కొంచెం మిగిలింది" అన్నది.

మళ్ల గీసినం. దాటే జాగల ఉత్త తెల్ల సున్నం పట్టీలు, పువ్వు లేదు, రంగు లేదు. పసుపుకుంకుమ ముగ్గులన్నీ నడిచే దారి అంచుకు పోయినయి, బండ్లు పైకెక్కే కాడ. ఇది కూడ అత్తమ్మ మాటే. "తొక్కరానిది ఏడ ఉండాల్నో ఆడ పెట్టుర్రి" అన్నది. బండ్లోళ్లు ముగ్గు చూసి జరుగుతున్నరు. అందరు కాదులే, కాలేజీ పోరగాళ్లు కొందరు ఎక్కిచ్చిన్రు. వాళ్లను హీరాలాల్ చూసుకున్నడు. ఆఫీసరు వచ్చి అటూఇటూ నడిచి చూసి, ఉండనియ్యుర్రి అన్నడు. పెయింటు వేసినప్పుడు కూడ దాటే జాగ బోడిగ, అంచులకు ఏ ఇంటోళ్ల ముగ్గు ఆ ఇంటోళ్లు. మేడం గట్లనే రాసుకున్నది.

ఆ సాయంత్రం అత్తమ్మ కన్నమ్మ దగ్గరికి పోయింది. నా చెయ్యి పట్టుకొనే పోయింది. నా వేళ్లు ఇంకా నొస్తున్నయి, అంత గట్టిగ పట్టుకున్నది. ఒక్కతే ఇంకా దాటలే. ఉన్నదున్నట్టు రాస్తున్న.

సునంద

---

మణుగూరు
మార్చి

సునందకు,

నీ ఉత్తరం మీ అన్న, నేను రెండుసార్లు చదువుకున్నం. తమ్ముడు నీళ్లు పోసిన కాడ నేను ఆగిపోయిన. వాని మీద కోపం ఉండె, ఇప్పుడు ఏడుందో కనబడుతలేదు. మా అమ్మ ర్యాంపు సంగతి దాచుకున్నదంటె మాత్రం నాకు కొత్త కాదు. మా నాయిన గనిల దెబ్బ తాకి ఇంటికొచ్చిన నాడు కూడ మాకు బువ్వ పెట్టినంకనే చెప్పింది.

నువ్వు అన్నీ చెప్పినవు, నేను కూడ ఒకటి చెప్తా. అమ్మను తీస్కపోత అన్నది ఒక్క ఆమె కోసమే కాదు. పిల్లలు హాస్టళ్లకు పోయిన్రు. మీ అన్న ఏ షిఫ్టు నుంచి వచ్చినా తిని పండుకుంటడు. ఈ కాలనీ రోడ్ల మీద నేను పొద్దూకి నడుస్త. ఎంత సాపు రోడ్డో. ఈ మూల నుంచి ఆ మూల దాక పోయి తిరిగొస్త. ఆగి మాట్లాడనీకి ఒక్క మనిషి ఉండదు, కూసోనీకి ఒక్క ఆకుల గంప ఉండదు. అమ్మ వస్తే నాకు తోడు దొరుకుతదనుకున్న. ఆమెకు ఎవరు తోడో అనుకోలే. నీ ఉత్తరాలు చదివినంకనే ఆ ఆలోచన వచ్చింది.

అయినా మాట మాటే. నవమి అయి భద్రాచలంల జనం తగ్గంగనే వస్త. ఆమె ఒక్కతే దాటకపోతే తీస్కొస్త. నాకు తోడు కోసం కాదు, ఆమె పడొద్దని.

రోజారాణి

---

ఖానాపురం హవేలి
ఏప్రిల్ మొదటి వారం

వదినా,

రా. అత్తమ్మ ఇంకా ఒక్కతే దాటలే. పట్టీల అంచు దాక పోతది, ఆటోలు ఆగుతయి, ఈమె వెనుకకు చూసి నా చెయ్యి అందుకుంటది. మంగయ్య రోజూ చేతులు లేపి కూసుంటడు పాపం. నేను చెయ్యి ఇయ్యకుంట దాచుకుంటే పోతదేమో అనుకున్న. అట్ల చెయ్యబుద్ధి కాలే.

ఆమె నీ వెంట పోనీకి చీరలు మడతపెట్టుకుంటున్నది. నన్ను తిడుతలేదు. రెండు దినాల నుంచి కూరల ఉప్పు మాట కూడ ఎత్తుతలేదు. నీ మాట కాదనను. తీస్కపోతే ఆపను. ఏడ్వకుంట మాత్రం ఉండలేను, అది నువ్వు అడగొద్దు.

సునంద

---

మణుగూరు
ఏప్రిల్

సునందకు, తమ్ముడికి దీవెనలు.

బస్సు దిగి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని ఇది రాస్తున్న. మీరిద్దరు నేను బయలుదేరే ముందు హీరాలాల్ దుకాణంల నాకు మైసూర్‌పాక్ కట్టిచ్చుకుంట ఉన్నరు. ఏమైందో సగమే చూసిన్రు. అమ్మ మీకు చెప్పదు. నేను చెప్పాలె.

అమ్మ సంచి గేటు కాడ పెట్టుకొని కూసున్నది. కన్నమ్మకు పోయొస్తనని చెప్పి రమ్మన్న. "నువ్వే చెప్పిరా, నేను పోలేను" అన్నది. సరేనని నేనే రోడ్డెక్కిన. పట్టీల మీద సగం దూరం పోయిన. ఈ దిక్కు నుంచి ఒక ఆటో, ఆ దిక్కు నుంచి ఒక లారీ. సునందా, మీకు అలవాటు. నాకు బండ్లు లేని రోడ్లు అలవాటు. అవి ఆగుతయని నాకు ఎవరు చెప్పిన్రు? ముందుకు పోవాల్నో వెనుకకు రావాల్నో తెల్వక నడిరోడ్డు మీద బిగుసుకపోయిన. కాలు లేస్తలేదు. కండ్లు మూసుకున్న. ఇంత పెద్దదాన్ని, "అమ్మా" అన్న.

కండ్లు తెరిస్తే అమ్మ నా పక్కన ఉన్నది. గేటు కాడ సంచి ఉన్నది, అమ్మ లేదు. పట్టీల మీద ఒక్కతే నడుచుకుంట వచ్చింది. ఆటో ఆగి ఉన్నది, డ్రైవరు చేతులు పైకి పెట్టుకున్నడు, లారీ కూడ ఆగి ఉన్నది. అమ్మ అటు చూడలే, ఇటు చూడలే, నన్నే చూసుకుంట వచ్చింది. నా మణికట్టు పట్టుకున్నది. బొక్క విరిగిన చేత్తోనే పట్టుకున్నది. "ఏందే, గింత దానికి. నడువు, ఆగినయి గదా" అన్నది. నన్ను అవతలికి దాటిచ్చి, కన్నమ్మ గంప పక్కన కూసోబెట్టి, "ఇది నా పెద్దబిడ్డ, జర భయస్తురాలు" అని చెప్పింది.

అప్పుడు తనేం చేసిందో ఆమెకే తెల్వదు. కన్నమ్మ చెప్తెనే తెలిసింది. "అక్కా, ఒక్కదానివే వచ్చినవు" అన్నది. అమ్మ రోడ్డు దిక్కు తిరిగి చూసింది. చాన సేపు చూసింది. ఆ తర్వాత కన్నమ్మ ముందర ఉన్న ఆకుల కట్ట తీసుకొని కుట్టుడు మొదలువెట్టింది.

గేటు కాడి సంచి తమ్ముణ్ని లోపల పెట్టమని నేనే అన్న గదా. ఎందుకని మీరు అడగలే, మంచి పని చేసిన్రు. అడిగితే ఆడనే ఏడ్చెదాన్ని.

నేను అమ్మను తీస్కరానీకి పోయిన. అమ్మ చెయ్యి పట్టుకొని రోడ్డు దాటి, ఒక్కదాన్నే ఇంటికొచ్చిన.

మీ అక్క
రోజారాణి